వర్లా అత్త జవాబులు

వర్లా ఓస్ట్‌బీకి వినికిడి ఒక్కసారిగా పోలేదు. నలభై దాటాక మొదలైంది. ముందు పిట్టల కూతలు పోయాయి, తరువాత వంటింట్లో టెలిఫోను మోత, ఆ తరువాత చర్చిలో పక్కవాళ్ల గుసగుసలు. యాభై నాలుగో ఏటికి ఎదుటి మనిషి పెదవులు కనబడితేనే మాట అందే స్థితి వచ్చింది. చెవికి పెట్టుకున్న యంత్రం చప్పుడును పెంచేదే గాని మాటను విడదీసి ఇచ్చేది కాదు. భోజనాల బల్ల దగ్గర అందరూ గొల్లున నవ్వినప్పుడు "ఏమన్నారు?" అని అడిగితే, "ఏం లేదులే, ఏదో జోకు" అనేవాళ్లు. ఆ "ఏం లేదులే"ను మాత్రం ఆమె ఎవరి పెదవుల మీదనైనా ఇట్టే గుర్తుపట్టేది.

ఉత్తర సరిహద్దుకు దగ్గరున్న డులూత్ ఊళ్లో ఒక చిన్న కాలేజీ కంప్యూటర్ గది ఆమె చేతి కింద ఉండేది. ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు లాగడం, పాస్‌వర్డ్ మరిచిపోయి బిక్కమొహం వేసుకొచ్చిన విద్యార్థులకు కొత్తది ఇవ్వడం, కోటు జేబులో పెట్టుకు తిరిగి పాడుచేసుకున్న పల్చటి ఫ్లాపీ డిస్కుల్లోంచి సమాచారం దక్కినంత దక్కించి పెట్టడం, ఇదీ ఆమె ఉద్యోగం. ఆ గదిలోని పెద్ద యంత్రానికి టెలిఫోను తీగ మీదుగా పూటపూటకూ ఎక్కడెక్కడి మనుషుల రాతలూ వచ్చి పడేవి. వంటలకు ఒక గ్రూపు, కుక్కలకు ఒకటి, రాజకీయాల మీద కొట్టుకోవడానికి ఒకటి. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా రాయచ్చు, కాపలా అంటూ ఎవరూ ఉండరు. వర్లా ఉండే గ్రూపు కెస్ట్రెల్ వాళ్లది. కెస్ట్రెల్ అన్నది ఇంట్లో పెట్టుకునే చిన్న కంప్యూటర్. వర్లా ఇంట్లోనూ ఒకటుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొన్నవాళ్లు మాత్రం దాన్ని వదల్లేక, విరిగిందల్లా అతికించుకుంటూ, తెలియనిదల్లా ఒకరినొకరు అడుక్కుంటూ నెట్టుకొస్తున్నారు.

ఆ గ్రూపులో వర్లా మాటకు తిరుగులేదు. అక్కడ ఎవరి పెదవులూ చూడనక్కరలేదు. అందరి మాటా అక్షరం పొల్లుపోకుండా అందేది. తను జవాబు కూడదీసుకునేలోగా సంభాషణ ఇంకో చోటికి దాటిపోయేది కాదు. తనకు వినబడదన్న సంగతి ఆమె అక్కడ ఎన్నడూ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ అవసరం రాకపోవడమే ఆమెకు హాయిగా ఉండేది. దేశ సరిహద్దుకు అవతల, థండర్ బే ఊళ్లో దుకాణాలకు బోర్డులు రాసే డ్వేన్ ఫిచ్ అనే అతను ఆమెకు దాదాపు రోజూ రాసేవాడు. మంచు ఎంత పడింది, పెరట్లో రూబార్బ్ అనే పుల్లకాడల మొక్క ఈ ఏడు బతికి బట్టకడుతుందా, తెర మీద గీతలెందుకు వస్తున్నాయి, ఇవే కబుర్లు. అతని ముఖం ఆమె చూడలేదు, ఆమె ముఖం అతను చూడలేదు.

ఫిబ్రవరిలో టెక్సస్ మనిషొకడు గ్రూపులో అడిగాడు, డిస్క్ డ్రైవు వేయగానే గుర్రుగుర్రుమంటోంది, ఏం చేయాలని. మరునాడు వర్లా కాఫీ కప్పు పక్కన పెట్టుకుని జవాబు రాద్దామని కూర్చునేసరికి జవాబు ముందే ఉంది. పైన తన పేరే, తన చిరునామాయే.

"నాయనా, ముందు ఆ చప్పుడు డ్రైవుదో నీదో తేల్చుకో. రాత్రి చిక్కుడుగింజలు గాని లాగించావా? నేను తిన్న రోజున మా ఆయన పొగ అలారంలో కొత్త బ్యాటరీ వేసుకుని మరీ పడుకుంటాడు. డ్రైవు మూత తీసి వాసన చూడు. కాలిన వాసనొస్తే డ్రైవుది, కంపు కొడితే నీదే. ఇట్లు, మీ వర్లా అత్త."

వర్లా ముఖం వేడెక్కిపోయింది. ఎవరైనా చూస్తున్నారేమోనని గది చుట్టూ చూసింది. విద్యార్థులు ఎవరి తెరల్లో వాళ్లున్నారు. ఎవడో తన ఖాతాలో దూరాడనుకుని ముందు పాస్‌వర్డ్ మార్చింది. తరువాత గ్రూపులో పద్ధతిగా రాసింది. పైది నాది కాదు, ఎవరో నా పేరు వాడుకున్నారు, మీ డ్రైవులో రబ్బరు బెల్టు వదులై ఉంటుంది, ఫలానా విధంగా బిగించుకోండి, అని.

టెక్సస్ మనిషి బెల్టు సంగతి ఎత్తనే లేదు. "అత్తా, పొట్ట పట్టుకుని నవ్వాను. మా ఆవిడకు చదివి వినిపించాను. ఇన్నాళ్లూ ఈ కళ ఎక్కడ దాచావు?" అని రాశాడు. ఇంకొకడు, "రెండో జవాబు ఇంకా బాగుంది, ఎంత సీరియస్‌గా పెట్టింది మొహం!" అన్నాడు. ఆ సాయంత్రానికే వర్లా పేరుతో మరొకటి వచ్చింది: "పిల్లలూ, ఎవరో నా పేరు పెట్టుకుని మర్యాదగా రాస్తున్నారు. మోసపోకండి. నేనింత మర్యాదస్తురాలిని కానని మీకు తెలుసుగా."

కాలేజీలో యంత్రాల బాధ్యత ఎల్డన్ వికర్‌ది. మంచివాడు, వర్లాతో మాట్లాడేటప్పుడు కుర్చీ తిప్పుకుని ఎదురుగా కూర్చుంటాడు. ఆమె చూపించినవన్నీ చదివాడు.

"పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు వర్లా. నీ ఖాతాలోకి ఎవరూ రాలేదు. ఎక్కడో కూర్చుని పైన నీ పేరు కొడుతున్నారంతే. కవరు మీద పంపినవాడి పేరు ఏదైనా రాసుకోవచ్చు కదా, అలాగే."

"మరి ఆపడానికి దారే లేదా?"

"ఎవర్ని ఆపమంటావు? దీనికి యజమానంటూ ఒకడుంటే కదా, వెళ్లి గల్లా పట్టుకోవడానికి." ఎల్డన్ భుజాలెగరేశాడు. "పట్టించుకోకు. కొన్నాళ్లకు వాళ్లకే మొహం మొత్తుతుంది."

మొహం మొత్తలేదు. గ్రూపులో సందడి పెరిగింది. కెస్ట్రెల్ మొహం ఎన్నడూ చూడనివాళ్లు కూడా అత్త కోసం వచ్చి చేరారు. ప్రశ్నలన్నీ ఇప్పుడు "అత్తా" అనే మొదలయ్యేవి, నవ్వించమనే అడిగేవి. వర్లా సూటిగా జవాబు రాస్తే, "ఇవాళ అత్త చర్చికి వెళ్లొచ్చినట్టుంది" అని సర్దుకునేవాళ్లు. మార్చిలో ఒకతను, పొయ్యి పక్కన పెట్టడంతో ఫ్లాపీ వంగిపోయింది, ఇక పనికి రాదా అని నిజంగానే బాధపడుతూ అడిగాడు. అత్త జవాబు ఇది: "దిగులుపడకు బాబూ. మా ఇంట్లోనూ ఒకటుంది. ముప్ఫయ్యేళ్లుగా వంగే ఉంది. దానికే రోజూ వంట చేసి పెడుతున్నాను."

ఆ కాగితం అచ్చు తీసి వర్లా ఇంటికి పట్టుకెళ్లింది. భర్త హార్లన్ ఇనుప ఖనిజం ఓడలకెత్తే రేవులో పనిచేసి రిటైరైన మనిషి. కంప్యూటరు జోలికి పోడు. ఇదైనా చూస్తే తనతోపాటు అతనికీ ఒళ్లు మండుతుందని ఆమె ఆశ. హార్లన్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. చదువుతూండగా భుజాలు కదలడం మొదలైంది.

"నవ్వుతున్నావా?"

"లేదు... లేదు వర్లా..." కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "వెధవ ఎవడో గాని, మాటకారి."

"అది నీ మీద హార్లన్. నిన్నే."

"తెలుస్తూనే ఉంది. అందుకే ఆగడం లేదు."

"వాళ్లంతా అది నేనే అన్నాననుకుంటున్నారు."

"అనుకోనీ. ఇన్నేళ్ల కాపురంలో ఇంత మంచి ముక్క నువ్వొక్కటీ అనలేదు."

సరదాకే అన్నాడు. అని, లేచి ఓవెన్లో పెట్టిన మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్ మాడుతోందేమో చూడ్డానికి వెళ్లాడు. వర్లా కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. ఆ రోజంతటిలో ఆమెకు అన్నిటికన్నా స్పష్టంగా అందిన మాట అదే.

ప్రతి సందేశానికీ తల మీద, అది ఏ ఏ యంత్రాల గుండా వచ్చిందో వరుసగా పేర్లుంటాయి. పంపినవాడు తన పేరు మార్చుకోగలడు గాని దారి మొత్తం మార్చలేడు. అత్త పేరుతో వచ్చిన జవాబులన్నీ ముందు వేసుకుని వర్లా దారులు పోల్చి చూసింది. అన్నీ ఒహాయోలో ఒక ఆసుపత్రి ల్యాబు యంత్రం నుంచి బయలుదేరుతున్నాయి. ఆ యంత్రాన్ని చూసుకునేవారికి ఆమె మర్యాదగా రాసింది. మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరో ఇలా చేస్తున్నారు, దయచేసి కనుక్కోండి, అని.

జవాబు మరునాడే వచ్చింది. రాసినవాడి పేరు కర్టిస్ లెడ్డీ. "అది ఇంకెవరో కాదు మేడమ్, నేనే. దయచేసి రాతలో వద్దు, నా ఉద్యోగానికి ఎసరొస్తుంది. ఇంటి నంబరు ఇస్తున్నాను, ఫోన్ చేయండి, మనసు విప్పి మాట్లాడతాను."

వర్లా జవాబు రాయడానికి కూర్చుంది. నాకు ఫోన్ వినబడదు అని రాయడానికి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేసింది. ఆ మాట చేతికిస్తే ఆ మనిషి దాన్ని ఏం చేస్తాడో ఆమెకు తెలియదు.

చివరికి శనివారం మధ్యాహ్నం హార్లన్ ఫోన్ చేశాడు. గోడకున్న ఫోను పట్టుకుని అతను, ఎదురుగా కుర్చీలో వర్లా. ఏం చెప్పాలో ఆమె ముందే నూరిపోసింది. అతను మొదట గట్టిగానే పట్టుకున్నాడు. "చూడు మిస్టర్, నేను వర్లా భర్తను మాట్లాడుతున్నాను. నీకు తమాషాగా ఉండొచ్చు, ఇక్కడ నా భార్య సరిగ్గా తిండి తినడం లేదు." తరువాత ఊ కొట్టాడు. ఇంకాసేపు ఊ కొట్టాడు. కనుబొమల ముడి విడింది. "అవునా, ఎన్ని నెలలు?" అన్నాడు. "మా చెల్లెలి పిల్లలూ అంతే, ఒకడు నిద్రపోతే ఇంకోడు లేచేవాడు."

"ఏమంటున్నాడు?" వర్లా అతని చొక్కా చెయ్యి లాగింది.

హార్లన్ ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, గోడ వైపు తిరిగాడు. ఇక పెదవులు లేవు. వీపు మాత్రమే ఉంది. ఆ వీపు ఊగుతోంది. నవ్వుతున్నాడు. ఎంతసేపటికో ఫోన్ పెట్టి ఇటు తిరిగేసరికి మొహం మళ్లీ సర్దుకుని ఉంది.

"సారీ చెప్పాడు. ఆపేస్తానన్నాడు. మంచివాడేనే పాపం, ఇద్దరు కవలపిల్లలు. ఆ ల్యాబులో రాత్రి డ్యూటీలు చేసి చేసి పిచ్చెక్కి మొదలెట్టాడట."

"అంతసేపు మాట్లాడి ఇంతేనా? నా పేరే ఎందుకట?"

హార్లన్ కొంచెం తటపటాయించాడు. "అందరూ నిన్ను నమ్ముతారట. ఊరూ పేరూ లేనివాడు మోటుజోకు వేస్తే ఎవడూ నవ్వడట. నీలాంటి పెద్దమనిషి నోట్లో పెడితేనే పేలుతుందట."

"మరి నువ్వెందుకు నవ్వావు?"

"ఏం లేదులే వర్లా..."

అనేశాక అతనికీ తెలిసింది. "కాదు, చెప్తాను, ఆగు" అంటూ దగ్గరికొచ్చాడు. ఆమె అప్పటికే ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. చూడని మనిషికి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

కర్టిస్ మాట నిలబెట్టుకున్నాడు. వారం పాటు గ్రూపు ప్రశాంతంగా ఉంది. రెండు ప్రశ్నలకు వర్లా జవాబు రాసింది, ఒకరు థాంక్స్ కూడా చెప్పారు. ఆ తరువాత అత్త తిరిగొచ్చింది. వర్లా దారి చూసింది. కాలిఫోర్నియా. మరునాడు ఇంకొకటి, అది హాలెండ్ నుంచి. ఆ తరువాత ఎక్కడెక్కడి నుంచో, ఒక్కోటి ఒక్కో ధోరణి. కొన్నిటికి కర్టిస్‌కున్న హాస్యం కూడా లేదు, ఉత్త బూతు.

కర్టిస్ ఆమెకు తనంత తానే రాశాడు. "మేడమ్, నా పిల్లల మీద ఒట్టు, ఇవి నావి కావు. ఆపండి బాబూ, అత్తను పుట్టించింది నేనే, నిజం వర్లా గారు బాధపడుతున్నారు అని గ్రూపులో పేరు పెట్టి రాశాను. నువ్వెవడివిరా అత్తను పుట్టించడానికి అని నన్నే బండబూతులు తిట్టారు. నాకేం చేయాలో తోచడం లేదు. క్షమించండి." ఉద్యోగం పోతుందని రాతలో ఒప్పుకోవడానికి భయపడ్డ మనిషి ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. దానివల్లా ఏమీ కాలేదు. ఆ సందేశం చదివి వర్లాకు కోపం కూడా రాలేదు. కోప్పడటానికి ఉన్న ఒక్క మనిషీ చేజారిపోయాడు.

మే నెలలో ఆమె ఆఖరి ప్రయత్నం చేసింది. ఒక ఆదివారం పొద్దున చర్చికి పోకుండా ఇంట్లో కెస్ట్రెల్ ముందు కూర్చుని పొడుగ్గా రాసింది. నాకు చెవులు వినబడవు. బయట నాతో ఎవరూ ఓపిగ్గా మాట్లాడరు, వాళ్ల తప్పు కాదు, కష్టం. ఈ గ్రూపులో మాత్రం నేను అందరిలాంటి మనిషిని. అత్త పేరుతో వచ్చేవి ఒక్కటీ నేను రాయలేదు. మీరు నవ్వుకోండి, వద్దనను. నా పేరు మాత్రం నాకు ఇచ్చేయండి. ఇంకేమీ అడగడం లేదు. తప్పులు దిద్ది, పంపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సోమవారం కాలేజీకి వెళ్లి తెరిచేసరికి జవాబులు బారులు తీరి ఉన్నాయి.

"అత్త రాసినవాటిలో ఇదే తలమానికం! ఏడుపు, నవ్వు ఒకేసారి తెప్పించింది."

"చెవులు వినబడవా! అందుకే తను వదిలేవాటి చప్పుడు తనకు తెలియదన్నమాట. పాపం మొగుడు!"

"ఇది రాసినవాడెవడో బయటికి రావాలి. సన్మానం చేద్దాం."

ఇద్దరు మాత్రం విడిగా రాశారు, ఇది నిజమైతే మన్నించమని. నిజమేనని ఆమె వాళ్లకు జవాబిచ్చింది. వాళ్లు మళ్లీ రాయలేదు. ఏం రాయాలో తెలియలేదేమో. థండర్ బే నుంచి డ్వేన్ కూడా రాశాడు: "అదరగొట్టారు! ఇక ఆగలేను. జూన్‌లో అటు వస్తున్నాను, మీ ఇంటికొచ్చి తీరతాను." వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. ఆమెతో మంచు గురించీ రూబార్బ్ గురించీ మాట్లాడే మనిషి అతనొక్కడే మిగిలాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం అతని పాత వ్యాను వచ్చి ఆగింది. డ్వేన్ పొడుగ్గా, వదులు చొక్కాలో ఎముకలు కనబడుతూ ఉన్నాడు. పై పెదవిని పూర్తిగా మూసేసి కింది పెదవి దాకా వేలాడే మీసం. ఆ పెదవులు చదవడం తన వల్ల కాదని వర్లాకు చూడగానే తెలిసిపోయింది. అతను వాకిట్లోనే గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. మీసం కదలడం తప్ప ఆమెకు ఏమీ అందలేదు. హార్లన్ పకపకా నవ్వి అతని వీపు తట్టాడు. రూబార్బ్ పెట్టి చేసిన బిళ్లలు తింటూ వాళ్లిద్దరూ బల్లకు అటూ ఇటూ ఎన్ని కబుర్లో చెప్పుకున్నారు. డ్వేన్ మధ్యమధ్య ఆమె వైపు తిరిగి ఏదో అని, ఆమె నవ్వుతుందేమోనని ఎదురుచూస్తున్నాడు. ఆమె నవ్వేది. ఎక్కడ నవ్వాలో తెలియక అన్నిటికీ నవ్వింది.

ఇక లాభం లేదనుకుని లేచి, చెయ్యి పట్టుకుని అతన్ని కెస్ట్రెల్ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. తెర వెలిగించి తనే ముందు కొట్టింది.

"మీ మీసం వల్ల నాకు మాట తెలియడం లేదు. ఇక్కడ చెప్పండి."

డ్వేన్ తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. రెండు వేళ్లతో మెల్లగా కొట్టాడు: "చెవుల సంగతి నిజమేనా?"

"నిజం."

"అయ్యో. అదీ జోకే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మరి మిగతావి?"

"ఒక్కటీ నాది కాదు."

"ఆ ఫ్లాపీ ముక్క కూడానా?"

"అది కూడా."

అతను మీటల మీంచి వేళ్లు తీసేశాడు. బజారులో చెయ్యి వదిలేసిన పిల్లాడి మొహంలా ఉంది అతని మొహం. తరువాత మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. ఈసారి ఆగకుండా కొట్టాడు.

"మా ఆవిడ నోరీన్ ఫిబ్రవరి నుంచీ ఆసుపత్రిలో ఉంది. ఏప్రిల్లో పోయింది. మీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మీతో మంచు గురించి మాట్లాడుతుంటే ఏమీ కానట్టే ఉండేది. రోజూ అత్త జవాబులు అచ్చు తీసి తీసుకెళ్లి చదివేవాణ్ణి. ఆ ఫ్లాపీ ముక్కకు నోరీన్ ఎంత నవ్విందంటే నర్సు పరుగెత్తుకొచ్చింది. మళ్లీ అలా నవ్వలేదు. ఎవరు రాస్తేనేంలెండి. నాకు మాత్రం అది మీరే."

వర్లా మీటల మీద చేతులు పెట్టింది. అది నేను కాదు అని ఇంకోసారి కొట్టాలనుకుంది. ఆ దిక్కుమాలిన ముక్క వల్ల నేను పడ్డ నరకం మీకు తెలియదు అనాలనుకుంది. ఆసుపత్రి మంచం, ఆ మంచం మీద ఎన్నడూ చూడని ఒకామె నవ్వడం, ఈ మీసాలాయన పక్కన కూర్చుని చదవడం కళ్ల ముందుకొచ్చాయి. చాలాసేపటికి కొట్టగలిగింది ఇంతే: "నోరీన్ పోయినందుకు చాలా బాధగా ఉంది."

డ్వేన్ తల ఊపి, ఆమె చెయ్యి మీద తన చెయ్యి ఒక్క క్షణం వేసి, లేచి వ్యాను దగ్గరికి వెళ్లాడు. దుప్పటిలో చుట్టిన చెక్కబోర్డు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి విప్పాడు. ముదురాకుపచ్చ మీద పసుపు అక్షరాలు, అంచుల చుట్టూ సన్నని తీగ. ఎన్ని సాయంత్రాలు కూర్చుని చేశాడో, ఒక్కో అక్షరం ముత్యంలా ఉంది.

"వర్లా అత్త ఇల్లు. దయచేసి కిటికీలు తెరిచి ఉంచండి."

హార్లన్ చదివి గట్టిగా నవ్వి, చటుక్కున ఆపుకుని భార్య వైపు చూశాడు. డ్వేన్ కూడా ఆమె వైపే చూస్తున్నాడు. ఇందాక అంతా చెప్పించుకున్న మనిషే, అయినా నవ్వుతుందేమోనని ఆశగా చూస్తున్నాడు.

"బాగుంది," అంది వర్లా. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, అసలు వచ్చిందో లేదో ఆమెకు తెలియలేదు.

మగవాళ్లిద్దరూ సుత్తీ మేకులూ పట్టుకుని వాకిట్లోకి వెళ్లారు. ఆమె తిన్న పళ్లేలు తీసి సింకులో వేసి నీళ్లు వదిలింది. గోడకు అవతల మేకు దిగుతోంది. సింకు అంచు పట్టుకున్న అరచేతుల్లోకి ఒక్కో దెబ్బా అదురుతూ వచ్చింది. ఆమె చేతులు తీయకుండా, అవి ఆగేదాకా అలాగే నిలబడింది.